పొరుగు పంచాయతీలు, పట్టణాలు కలిసి ప్రాంతీయ ప్రణాళిక సమితి ఏర్పాటు చేసుకోవడం ఎలా?

విజయవాడ చుట్టుపక్కల వార్డు సభ్యులు, తెనాలి, మంగళగిరి వైపు కాలనీ సంఘాల వాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "మా ఊరి డ్రెయిన్ మేం బాగు చేసుకున్నాం. అయినా పక్క ఊరి కల్వర్టు దగ్గర నీళ్లు ఆగి మళ్లీ మా వీధుల్లోకే వస్తున్నాయి. రెండు ఊళ్లూ కలిసి ప్రణాళిక వేసుకునే దారి ఉందా?"

ఉంది. అయితే చాలామంది ఆ దారిని చివరి నుంచి మొదలుపెడతారు. కల్యాణ మండపంలో సభ పెట్టి, అందరినీ వేదిక ఎక్కించి, శాలువాలు కప్పి సమితి ఏర్పడిందని ప్రకటిస్తారు. ఆ తర్వాత ఏ ఊరి మినిట్స్ పుస్తకంలోనూ దాని ప్రస్తావన ఉండదు, ఏ బడ్జెట్‌లోనూ దానికి పద్దు ఉండదు. నా దృష్టిలో సమితి నిజంగా ఏర్పడినట్లు చెప్పడానికి రెండే గుర్తులు: సభ్యత్వమున్న ప్రతి పాలకవర్గం పుస్తకంలో ఒకే మాటలతో రాసిన తీర్మానం, ప్రతి బడ్జెట్‌లో చిన్నదైనా సరే ఒక పద్దు. కింద చెప్పిన అంచెలన్నీ ఆ రెండింటినీ సాధించడానికే.

## 1. ఒకే ఒక్క సమస్యతో మొదలుపెట్టండి

రోడ్లు, తాగునీరు, చెత్త, మురుగు, ట్రాఫిక్ అన్నీ ఒకే పత్రంలోకి ఎక్కించాలని ఉత్సాహం కలుగుతుంది. వద్దు. మొదటి ఏడాదికి ఒక్కటే తీసుకోండి. దానికి మూడు లక్షణాలు ఉండాలి.

- ఏ ఒక్క ఊరూ తన డబ్బుతో, తన హద్దుల్లో దాన్ని పూర్తిగా పరిష్కరించుకోలేదు.
- దాని వల్ల కలిగే నష్టం ప్రతి సభ్య గ్రామంలోనూ కంటికి కనిపిస్తుంది.
- ఒక వేసవిలో కొంతైనా పని చేసి చూపించవచ్చు.

మన ప్రాంతంలో ఈ మూడూ కలిసేది మురుగునీటి, వాననీటి పారుదలలో. బుడమేరునే చూడండి. మైలవరం వైపు కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా వచ్చి, విజయవాడ ఉత్తరపు అంచును ఒరుసుకుంటూ పోయి కొల్లేరులో కలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కొండపల్లి వైపు దాని మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. మునిగింది మాత్రం నగరంలోని సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు. గండి పడిన చోటు నగరపాలక సంస్థ పరిధిలో లేదు, ఆ గట్టు బాధ్యత జలవనరుల శాఖది. ప్రమాదం పుట్టే చోటూ నష్టపోయే చోటూ వేర్వేరు పాలనల కింద ఉన్నప్పుడు ఉమ్మడి ప్రణాళిక తప్పనిసరి అవుతుంది.

గుంటూరు వైపు వాళ్లకు పీకలవాగు, కొండవీటి వాగు ఇలాంటివే. తాగునీటి పైపులైన్లు, చెత్త ప్రాసెసింగ్ కూడా మంచి అంశాలే కానీ వాటిని రెండో ఏడాదికి ఉంచండి. చెత్తతో మొదలుపెట్టిన చోట "డంపింగ్ యార్డు ఎవరి ఊళ్లో?" అన్న మొదటి ప్రశ్న దగ్గరే మాటలు తెగిపోతాయి.

## 2. సభ్యులెవరో నీరు నిర్ణయించాలి

రాజకీయంగా ఎవరు దగ్గర, ఏ మండలం ఎవరిది అని చూసి సభ్యుల జాబితా వేయకండి. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటు (ఎత్తుపల్లాలు, వాగులు చూపే పటం), గ్రామ నక్షాలు, ఇస్రో వారి భువన్ పోర్టల్ చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని వాగు ఎక్కడ నుంచి ఎక్కడికి పోతుందో ముందు గీయండి. దానిలోకి నీరు వదిలే ఊళ్లు, అది దాటే ఊళ్లు, చివర ఆ నీటిని భరించే ఊళ్లు, ఈ మూడు రకాలూ జాబితాలో ఉండాలి. చివరి ఊరిని మరచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. పట్టణం నీరు ముందు నిలిచేది అక్కడే.

ఇక్కడ జిల్లా హద్దులు అడ్డొస్తాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. నగరానికి ఆనుకునే ఉన్న తాడిగడప మున్సిపాలిటీ, దాటితే గన్నవరం, కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. నది దాటితే తాడేపల్లి గుంటూరు జిల్లా. అదే సమయంలో జిల్లా పరిషత్తులు మాత్రం పాత జిల్లాల పరిధిలోనే నడిచాయి. కాబట్టి జాబితాలో ప్రతి పేరు ఎదురుగా ఈ వివరాలు రాసి పెట్టుకోండి:

- గ్రామ పంచాయతీయా, మున్సిపాలిటీయా, కార్పొరేషనా
- మండలం, రెవెన్యూ డివిజన్, జిల్లా
- ఎన్నికైన పాలకవర్గం ఉందా, ప్రత్యేకాధికారి పాలనా
- పాలకవర్గం గడువు ఎప్పటివరకు
- వాగు ఆ ఊళ్లో ఎన్ని కిలోమీటర్లు ఉంది, అక్కడ దాని నిర్వహణ ఏ శాఖది

చివరి అంశం దగ్గర ఓపిక పట్టండి. ఒకే డ్రెయిన్ ఒక చోట జలవనరుల శాఖది, కొంత దూరం పోయాక పంచాయతీది, జాతీయ రహదారి కింద తూము దగ్గర రహదారి సంస్థది అవుతుంది. ఎనికేపాడు దగ్గర బుడమేరు ఒక సాగునీటి కాలువను దాని అడుగునున్న సొరంగం గుండా దాటుతుంది. అలాంటి కట్టడాన్ని పంచాయతీ తీర్మానంతో ముట్టుకోవడం కుదరదు.

మొదటి ఏడాది సభ్యులు నాలుగు నుంచి ఎనిమిది మధ్య ఉంటే పని సాగుతుంది. ఇరవై ఊళ్లను పిలిస్తే హాజరు పట్టిక నింపడంతోనే సరిపోతుంది.

## 3. చట్టంలో మీకున్న చోటు ఎంతో తెలుసుకోండి

ఈ భాగాన్ని దాటేయకండి. "మీకు ఆ అధికారం లేదు" అని ఎవరైనా అన్నప్పుడు జవాబు ఇక్కడే ఉంటుంది.

రాజ్యాంగంలోని 243జి అధికరణం పంచాయతీలకు, 243డబ్ల్యూ మున్సిపాలిటీలకు ప్రణాళికల తయారీని అప్పగించే వీలు కల్పించాయి. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు, పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు ఉన్నాయి. మనకు మరింత ముఖ్యమైనది 243జెడ్‌డి. పంచాయతీలు, మున్సిపాలిటీల ప్రణాళికలను కలిపి జిల్లా ముసాయిదా తయారుచేసే జిల్లా ప్రణాళిక కమిటీ గురించి అది చెబుతుంది. అందులో కనీసం ఐదింట నాలుగు వంతుల సభ్యులు ఎన్నికైన ప్రతినిధులే కావాలి. పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఉమ్మడి ప్రయోజనమున్న విషయాలను, అంటే స్థల ప్రణాళిక, నీటి పంపిణీ, మౌలిక సదుపాయాలు, పర్యావరణ పరిరక్షణ వంటివాటిని, ఆ కమిటీ పరిగణనలోకి తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ కమిటీకి మీరు పెట్టే అర్జీ మొదటి పేరాలో ఈ అధికరణాన్నే ఉదహరించండి.

పది లక్షలు, ఆపైన జనాభాతో నోటిఫై అయిన మహానగర ప్రాంతాలకు 243జెడ్‌ఇ కింద మెట్రోపాలిటన్ ప్రణాళిక కమిటీ ఉంటుంది. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది ఎన్నికైనవారు. మీ సమితి ఈ రెండు కమిటీల్లో దేనికీ ప్రత్యామ్నాయం కాదు. వాటి ముందుకు సిద్ధం చేసిన కాగితం తీసుకెళ్లే బృందం మాత్రమే.

భూవినియోగం విషయంలో ఇంకో పరిమితి ఉంది. మన ప్రాంతంలో మాస్టర్ ప్లాన్ అధికారం 2014 నాటి చట్టంతో ఏర్పడిన రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ (సీఆర్‌డీఏ)ది. సమితి గీసిన పటం ఎంత బాగున్నా దానికి చట్టబద్ధత రాదు. మాస్టర్ ప్లాన్, జోనల్ ప్లాన్ ముసాయిదాలు ప్రజాభిప్రాయానికి వచ్చినప్పుడు సభ్య సంస్థలన్నీ ఒకే అభ్యంతరాన్ని, ఒకే సూచనను తీర్మానంగా పంపితే దానికి బరువు పెరుగుతుంది. ఆ గడువు తేదీలు కనిపెట్టి ఉండే బాధ్యతను ఒకరికి అప్పగించండి.

గ్రామ పంచాయతీలకు 1994 పంచాయతీరాజ్ చట్టం, మున్సిపాలిటీలకు 1965 చట్టం, కార్పొరేషన్లకు వేరే చట్టం వర్తిస్తాయి. ఉమ్మడి కమిటీ ఏ సెక్షన్ కింద వేయాలి, ఎవరి ముందస్తు అనుమతి కావాలి అనే ప్రశ్నలు రాసి జిల్లా పంచాయతీ అధికారికి, మున్సిపల్ కమిషనర్‌కు లేఖ ఇవ్వండి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. నోటి మాట మీద నడిచిన పని ఆడిట్ రోజున నిలబడదు.

సొసైటీగా రిజిస్టర్ చేయించుకుందామని కొందరు తొందరపడతారు. మొదటి ఏడాది అవసరం లేదు. ప్రజాధనాన్ని సొసైటీ ఖాతాలోకి మళ్లించడం లేనిపోని అనుమానాలకు తావిస్తుంది.

## 4. మొదటి సమావేశం చిన్నదిగా, కుర్చీలన్నీ ఒకే వరుసలో

మొదట సర్పంచులూ పంచాయతీ కార్యదర్శులూ మాత్రమే కూర్చోండి. మున్సిపాలిటీని రెండో సమావేశానికి, కార్పొరేషన్‌ను మూడో సమావేశానికి పిలవండి. నేను గట్టిగా చెప్పే మాట ఇది. నగరం మొదటి రోజే వస్తే దాని ఇంజినీర్లు, దాని పటాలు, దాని అంచనాలే బల్లమీద పరుచుకుంటాయి, చిన్న పంచాయతీలు ప్రేక్షకులుగా మిగిలిపోతాయి. చిన్న ఊళ్లు ముందు తమలో తాము మాట్లాడుకుని, తమకు కావలసిన నాలుగు విషయాలు కాగితం మీద పెట్టుకుని వెళ్తే నగరంతో చర్చ సమానంగా సాగుతుంది.

మన రాష్ట్రంలో సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. అందుకే సమావేశ స్థలం ఏ పార్టీ నాయకుడి ఆఫీసో, అతిథి గృహమో కాకూడదు. మండల పరిషత్ కార్యాలయం, గ్రామ సచివాలయ భవనం మంచివి. శాసనసభ్యులకు, ఎంపీకి సమాచారం ఇవ్వండి, ఆహ్వానితులుగా పిలవండి. అధ్యక్ష స్థానం మాత్రం సభ్య సంస్థలదే, ఏడాదికొకరికి మారాలి. మొదటి అధ్యక్షత దిగువ ఊరికి ఇస్తే నమ్మకం త్వరగా కుదురుతుంది.

తొలి సమావేశం ఎజెండాలో ఇవి చాలు:

- సమస్య ఏమిటో రెండు వాక్యాల్లో
- సభ్యుల జాబితా
- కాలినడక సర్వే తేదీ
- కన్వీనర్‌గా ఎవరు (అధికారి కావాలి, వ్యక్తి పేరు కాదు, పదవి పేరు రాయాలి)

## 5. వాగు వెంట నడవండి

మొత్తం పనిలో ఎక్కువ ఫలితమిచ్చే అంచె ఇది. రెండుసార్లు నడవాలి. ఒకసారి వేసవిలో, కృష్ణా డెల్టా కాలువలకు నీరు ఆపి క్లోజర్ పనులు జరిగే ఏప్రిల్–మే నెలల్లో, అడుగు కనిపించేటప్పుడు. రెండోసారి మొదటి పెద్ద వాన పడిన మర్నాడు.

ఒక్కో ఊరి నుంచి ఇంజినీరింగ్ అసిస్టెంట్, గ్రామ సర్వేయర్, పంచాయతీ కార్యదర్శి రావాలి. వాళ్లతోపాటు నీటి వినియోగదారుల సంఘంలోని ఒక రైతు, ముంపు ముందుగా చేరే కాలనీ నుంచి ఇద్దరు, అందులో కనీసం ఒక మహిళ ఉండాలి. నీళ్లు ఇంట్లోకి ఏ మూల నుంచి, ఎన్ని గంటలకు వచ్చాయో, ఎన్ని రోజులు నిలిచాయో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

దిగువ నుంచి ఎగువకు నడవండి. కల్వర్టు, మలుపు, పక్క కాలువ కలిసే చోటు, ఇలా ప్రతి చోటికీ వరుస నంబరు ఇచ్చి ఫోటో తీసి నమోదు చేయండి. నమోదు ఇలా ఉండాలి:

"పాయింటు 7. పంచాయతీ రోడ్డు కల్వర్టు. తూములు రెండు, ఒక్కొక్కటి 0.9 మీటరు వెడల్పు. ఎడమ తూము సగం వరకు పూడిక. కుడి తూముకు అడ్డంగా తాగునీటి పైపు, దానికి గుర్రపు డెక్క, ప్లాస్టిక్ సంచులు చుట్టుకున్నాయి. దీనికి ఎగువనున్న పాయింటు 8 కల్వర్టుకు తూములు మూడు. పక్క గోడ మీద ముంపు మరక నేల నుంచి 1.1 మీటరు ఎత్తున ఉంది."

ఇలాంటి నాలుగు వాక్యాలు ఏళ్ల తరబడి సాగిన వాదనను ఆపగలవు. పై ఊరి కల్వర్టుకు మూడు తూములు, కింది ఊరి కల్వర్టుకు రెండే ఉన్నాయంటే నీళ్లు ఎక్కడ, ఎందుకు ఆగుతున్నాయో అక్కడే తేలిపోతుంది. కింది ఊరివాళ్లు కావాలని అడ్డం వేశారన్న నింద కూడా పోతుంది.

మట్టాల విషయంలో జాగ్రత్త. ఒక్కో ఊరు తన రోడ్డు మట్టం నుంచి కొలిస్తే రెండు ఊళ్ల అంకెలు ఎప్పటికీ కలవవు. సముద్ర మట్టం నుంచి ఎత్తు ముందే లెక్కగట్టి ఉన్న ఒకే బెంచ్ మార్కు (స్థిర గుర్తు) నుంచి, ఒకే లెవెల్ యంత్రంతో మొత్తం పొడవూ కొలిపించండి. మిగతా ఎన్ని ఖర్చులు తగ్గించుకున్నా దీనికి డబ్బు పెట్టండి.

ఆక్రమణల విషయంలో మరింత జాగ్రత్త. నమోదులో సర్వే నంబరు, ఆక్రమించిన పొడవు, వెడల్పు మాత్రమే రాయండి. మనుషుల పేర్లు వద్దు. తొలగింపు రెవెన్యూ శాఖ పని, దానికి నోటీసులు, పద్ధతి ఉన్నాయి. నడకలోనే గొడవ మొదలైతే రెండో ఊరికి చేరేసరికి పక్కన ఎవరూ ఉండరు.

నడక ముగిసిన వారంలో నమోదు కాపీ ప్రతి సచివాలయంలో గోడకు అంటించండి. తప్పులుంటే జనమే చెబుతారు.

## 6. అందరి పుస్తకాల్లోనూ ఒకే తీర్మానం

ఇప్పుడు రాతపని. తీర్మానం ముసాయిదా ఒక్కరే రాసి అందరికీ పంపాలి. ఎవరి మాటల్లో వాళ్లు రాసుకుంటే ఒక ఊరు "సహకరించుటకు", ఇంకో ఊరు "పరిశీలించుటకు" అని రాసి ఊరుకుంటాయి. నమూనా:

"తీర్మానం నెం. ____. ____ వాగు పారుదల విషయమై దిగువ పేర్కొన్న స్థానిక సంస్థలతో కలిసి ఉమ్మడి ప్రణాళిక సమితిలో సభ్యత్వం తీసుకొనుటకు, ఈ సంస్థ తరఫున సర్పంచ్/చైర్‌పర్సన్ మరియు కార్యదర్శి/కమిషనర్‌ను ప్రతినిధులుగా పంపుటకు, ఉమ్మడి సర్వే ఖర్చులో ఈ సంస్థ వాటాగా రూ. ____ మించకుండా సంబంధిత అధికారి అనుమతికి లోబడి సాధారణ నిధుల నుంచి కేటాయించుటకు, సమితి తయారుచేసిన ముసాయిదా అందిన 45 రోజుల్లో పాలకవర్గం ముందు ఉంచుటకు తీర్మానించడమైనది."

అందులో మూడు చోట్ల బేరం ఉండకూడదు: "మించకుండా" అన్న గరిష్ఠ పరిమితి, "45 రోజుల్లో" అన్న గడువు, ప్రతినిధిని పదవితో చెప్పడం. మొదటిది లేకపోతే సభ్యులు భయపడతారు, రెండోది లేకపోతే ముసాయిదా బీరువాలో ఉండిపోతుంది. పదవికి బదులు వ్యక్తి పేరు రాస్తే బదిలీ అయిన రోజున ఆ ఊరికి ప్రతినిధే ఉండరు.

సమావేశానికి ముందు చూసుకోవలసినవి:

- ఎజెండా నోటీసులో ఈ అంశం విడిగా ఉందా? "ఇతర అంశాలు" కింద పెట్టిన తీర్మానాన్ని తర్వాత ఎవరైనా ప్రశ్నించవచ్చు.
- కోరం ఉందా, సంతకాలన్నీ అదే రోజు అయ్యాయా?
- వ్యతిరేకించిన సభ్యుల అభ్యంతరం మినిట్స్‌లో నమోదైందా? నమోదు చేయడం సమితికే మేలు.
- ధ్రువీకరించిన కాపీ కన్వీనర్‌కు చేరిందా?

ప్రత్యేకాధికారి పాలన ఉన్న చోట ఆయన ఉత్తర్వుతో పని మొదలుపెట్టవచ్చు. అయినా గ్రామసభలో విషయం చదివి వినిపించి, హాజరైనవారి సంతకాలు తీసుకోండి. రేపు ఎన్నికైన పాలకవర్గం వచ్చాక "మాకు తెలియకుండా జరిగింది" అనే మాట రాకుండా ఉంటుంది.

## 7. ఒప్పంద పత్రం రెండు పేజీలు దాటనివ్వకండి

తీర్మానాలన్నీ వచ్చాక ఒక చిన్న అవగాహన పత్రం రాసుకోండి. సభ్యులు, ఉద్దేశం, సమావేశాల వరుస, అధ్యక్షత మారే క్రమం, రికార్డులు ఉండే చోటు, సభ్యత్వం వదులుకోవడానికి ఇవ్వాల్సిన నోటీసు వ్యవధి రాస్తే చాలు.

ఓటు గురించి మాత్రం స్పష్టంగా ఉండండి. పెద్దదైనా చిన్నదైనా ఒక సంస్థకు ఒక ఓటు. డబ్బుతో ముడిపడిన నిర్ణయం మాత్రం ఓట్ల లెక్కతో ఎవరి మీదా రుద్దకూడదు. డబ్బు కట్టే సంస్థ పాలకవర్గం విడిగా ఒప్పుకోవాలి.

## 8. ఖర్చు పంచుకునే లెక్క

తగాదాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఉమ్మడి సర్వేకు రూ. 12 లక్షలు అవుతుందనుకోండి. సభ్యులు ముగ్గురు. 60,000 జనాభా ఉన్న మున్సిపాలిటీలో వాగు 3 కిలోమీటర్లు, 10,000 జనాభా ఉన్న మొదటి పంచాయతీలో 5 కిలోమీటర్లు, 5,000 జనాభా ఉన్న రెండో పంచాయతీలో 2 కిలోమీటర్లు.

"ఎవరి పొడవుకు వారు" అన్న పద్ధతి న్యాయంగానే వినిపిస్తుంది. లెక్క వేస్తే మున్సిపాలిటీకి రూ. 3.60 లక్షలు, మొదటి పంచాయతీకి రూ. 6 లక్షలు, రెండోదానికి రూ. 2.40 లక్షలు పడుతుంది. పట్టణం నీటిని మోస్తున్న పల్లె ఆ పట్టణం కంటే ఎక్కువ కట్టాలన్నమాట. ఇది అన్యాయం. దీనితో మొదలుపెట్టిన సమితి నిలబడదు.

ఇంకో పద్ధతి: ఐదో వంతు అందరూ సమానంగా, మిగిలింది జనాభాను బట్టి. అప్పుడు సమాన వాటా తలా రూ. 80,000. దానికి జనాభా వాటా కలిపితే మున్సిపాలిటీకి రూ. 8.48 లక్షలు, మొదటి పంచాయతీకి రూ. 2.08 లక్షలు, రెండోదానికి రూ. 1.44 లక్షలు. చిన్న పంచాయతీకి ఇదీ బరువే అయితే సమాన వాటాను పదో వంతుకు తగ్గించుకోండి, లేదా ఇంటి పన్ను రాబడిని ప్రాతిపదికగా తీసుకోండి. ఏ సూత్రమైనా సరే, అంకెలు వేసి అందరికీ చూపించాకే ఒప్పించండి.

పనుల విషయానికి వస్తే అందరి డబ్బూ ఒకే ఖాతాలో పోయడం మంచి పద్ధతి కాదు. సొంత పరిధి దాటి ఖర్చు పెడితే ఆడిట్ అభ్యంతరాలు వస్తాయి. సాధ్యమైనంతవరకు ఎవరి హద్దులో పని వారే తమ నిధులతో, ఉమ్మడి అంచనా ప్రకారం, ఉమ్మడి తేదీల్లో చేయాలి. సర్వే వంటి విడదీయలేని పనికి మాత్రం వాటాలను సంబంధిత ఇంజినీరింగ్ శాఖ దగ్గర డిపాజిట్ వర్క్ (డబ్బు ముందే జమచేసి ఆ శాఖతో చేయించే పని) కింద జమ చేయించండి. ప్రభుత్వ ఖాతాలో లెక్క ఉంటుంది, మిగిలితే తిరిగి వస్తుంది.

ఆర్థిక సంఘం నిధుల నియమాలు కూడా చూసుకోండి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంట్లలో 60 శాతాన్ని పారిశుద్ధ్యం, తాగునీటికి ముడిపెట్టింది, 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వదిలింది. మీరు ప్రణాళిక వేసే ఏడాదికి వర్తించే మార్గదర్శకాలు ఎంపీడీవో కార్యాలయంలో అడిగి తీసుకుని, ఏ పని ఏ పద్దులోకి వస్తుందో ముందే రాయించండి.

## 9. ప్రణాళిక పత్రం, ఏడాది క్యాలెండర్

పత్రం ఒక్కో ఊరికి రెండు పేజీలు, మొత్తానికి ఒక పటం. తెలుగులో ఉండాలి. కన్సల్టెంట్ ఇచ్చిన ఇంగ్లిషు నివేదిక దస్త్రాల్లో ఉంటే ఉండనివ్వండి, వార్డు సభ్యుల చేతికి మాత్రం తెలుగు పత్రమే వెళ్లాలి. ప్రతి పనికీ నాలుగు గడులు: ఏ పాయింటు, ఏ పని, ఎవరి నిధి, ఎవరి అనుమతి.

పనుల వరుసను మాత్రం తారుమారు చేయకండి. పూడికతీత ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకే సాగాలి. పై ఊళ్లో డబ్బు ముందొచ్చిందని అక్కడ ముందు తవ్వితే నీరు వేగంగా వచ్చి, పూడిక తీయని కింది ఊరి మీద పడుతుంది. నిధులు ఎవరికి ముందు వచ్చినా వరుస మారదని ఒప్పందంలోనే రాసుకోండి.

క్యాలెండర్‌ను ప్రభుత్వ క్యాలెండర్‌కు తగ్గట్టు అమర్చుకోవాలి:

- ఫిబ్రవరి–మార్చి: తొలి సమావేశాలు, సభ్యుల జాబితా.
- ఏప్రిల్–మే: వేసవి నడక, మట్టాల కొలత.
- జూన్–జులై: తీర్మానాలు, ఒప్పందం, వాన తర్వాత రెండో నడక.
- ఆగస్టు–సెప్టెంబరు: ముసాయిదా, సచివాలయాల్లో ప్రదర్శన.
- అక్టోబరు 2 నుంచి: గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల గ్రామసభల్లో ఈ పనులు చేర్పించడం, ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో నమోదు.
- జనవరి–మార్చి: మున్సిపల్ బడ్జెట్లలో పద్దు, అంచనాలకు సాంకేతిక మంజూరు.
- మరుసటి ఏప్రిల్–మే: కాలువలు కట్టేసిన రోజుల్లో పనులు.

అక్టోబరు గ్రామసభలు తప్పిపోతే ఏడాది పోయినట్టే. మిగతా తేదీలు కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

నిర్ణయాలు వాట్సాప్‌లో జరిగిపోవడం. సమాచారానికి గ్రూపు మంచిదే. నిర్ణయం మాత్రం మినిట్స్‌లో ఉండాలి. గ్రూపులో ఒప్పుకున్నదాన్ని వచ్చే సమావేశంలో మొదటి అంశంగా పెట్టి ధ్రువీకరించుకోండి.

జలవనరుల శాఖను చివర్లో పిలవడం. ప్రణాళిక అంతా అయ్యాక "ఇది మా గట్టు" అంటే మళ్లీ మొదటికొస్తుంది. వేసవి నడకకే ఆ శాఖ సహాయ ఇంజినీరును రాతపూర్వకంగా ఆహ్వానించండి. రాకపోయినా ఆహ్వానం కాపీ దస్త్రంలో ఉంటుంది.

ఒక ఊరు మధ్యలో తప్పుకోవడం. తప్పుకున్న ఊరిని తప్పుబడుతూ పత్రికలకు ప్రకటనలు ఇవ్వకండి. ఆ ఊరి పాయింట్లను పటంలో అలాగే ఉంచి, పనులను "సమ్మతి రావలసినవి" అని గుర్తించి మిగతావి కొనసాగించండి. సమావేశ నోటీసు ఆ ఊరికి పంపుతూనే ఉండండి. పక్క ఊళ్లో తూములు పెరిగి నీళ్లు దిగడం చూశాక చాలామంది తిరిగి వస్తారు.

చెత్త విషయంలో ముందు స్థలం, తర్వాత షరతులు మాట్లాడటం. రెండో ఏడాది ఈ అంశం ఎత్తుకుంటే వరుస తిప్పండి. నివాసాలకు, నీటి వనరులకు ఎంత దూరం ఉండాలి, ఆతిథ్యమిచ్చే గ్రామానికి ఏటా ఏం ఇవ్వాలి, లారీలు ఏ దారిన పోవాలి, ఈ షరతులు తేల్చాకే స్థలాల పేర్లు బయటికి రావాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 50 కిలోమీటర్ల పరిధిలోని పట్టణాలు ఖర్చు పంచుకుంటూ ఉమ్మడి ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చే స్థలం) వాడుకునే పద్ధతిని ప్రోత్సహించాయి. ఇప్పుడు అమల్లో ఉన్న నియమాల ప్రతి దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

కొత్త లేఅవుట్లను పట్టించుకోకపోవడం. ఉన్న వాగును బాగు చేస్తుండగానే దాని పక్కన పొలం మెరకచేసి ప్లాట్లు వేస్తారు. సభ్య సంస్థల పరిధిలో వచ్చే ప్రతి లేఅవుట్ దరఖాస్తునూ సమితి పటం పక్కన పెట్టి చూసి, వాననీరు ఎటు వదులుతారో రాతపూర్వకంగా అడగాలని ఒప్పందంలో చేర్చండి. సీఆర్‌డీఏకు అభిప్రాయం పంపేటప్పుడు పాయింటు నంబరు, మట్టం అంకె జతచేయండి. "మునుగుతాం" అన్న మాట కంటే "పాయింటు 7 దగ్గర ముంపు మట్టం ఇది, ప్లాట్ల మెరక ఇది" అన్న అంకెకే విలువ ఎక్కువ.

## 11. పాలకవర్గాలు మారే ముందు

ఐదేళ్ల గడువు ముగిసే ఏడాదిలో కొత్త పనులు మొదలుపెట్టకండి. ఆ సమయాన్ని అప్పగింతకు వాడండి. కన్వీనర్ ఒక పెట్టెలో ఈ కిందివి భద్రపరిచి, జాబితా మీద ఇద్దరు సభ్య సంస్థల కార్యదర్శుల సంతకాలు తీసుకోవాలి:

- అన్ని తీర్మానాల ధ్రువీకృత ప్రతులు
- ఒప్పంద పత్రం, సవరణలు
- రెండు నడకల నమోదు, ఫోటోలు, మట్టాల పట్టిక, బెంచ్ మార్కు ఉన్న చోటు
- డిపాజిట్ వర్క్ రసీదులు, మిగులు లెక్క
- అధికారుల అభిప్రాయ లేఖలు
- మిగిలిపోయిన పనుల జాబితా, కారణంతో

ఒక సెట్ కన్వీనర్ కార్యాలయంలో, రెండోది దిగువ ఊరి సచివాలయంలో ఉండాలి. కొత్త పాలకవర్గం ప్రమాణం చేసిన రెండు నెలల్లోపు కన్వీనర్ ఆ ఊరికి వెళ్లి, కొత్త సర్పంచ్‌తో, వార్డు సభ్యులతో కలిసి వాగు వెంట ఆ ఊరి హద్దు మేరకైనా నడవాలి. తర్వాత జరిగే సాధారణ సమావేశంలో సభ్యత్వ కొనసాగింపు తీర్మానాన్ని ఎజెండాలో మొదటి అంశంగా పెట్టించాలి.